నాలుగో బోల్టు

ఏడుకొండలుని ఆ వారమంతా రెండు శబ్దాలు నిద్రపోనివ్వలేదు.

ఒకటి నెత్తిమీదది. కొత్త షెడ్డుకి కట్టిన రేకు బోర్డు గాలి వీచినప్పుడల్లా టంగుమంటుంది. రెండోది రోశమ్మగారి కారుది. స్పీడు బ్రేకరు దిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కటక్‌మంటుంది. బోర్డు ఎందుకు మోగుతుందో ఒంగోలు లారీ స్టాండు వెనక వీధిలో అందరికీ తెలుసు. కారు ఎందుకు మోగుతుందో ఏడుకొండలుకి తెలియాలి. అతనికే తెలియడం లేదు.

ముందు బోర్డు సంగతి చెప్పాలి. ఆ వీధి మెకానిక్కులకి ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడు సొంతంగా షెడ్డు పెట్టుకున్నప్పుడు బోర్డుకి మూడు బోల్టులు తను బిగించుకుంటాడు. నాలుగోది గురువు వచ్చి తన పానాతో బిగిస్తాడు. అప్పటికి గానీ షెడ్డు షెడ్డు కాదు. ఆ నాలుగో బోల్టు వదులుగా ఉన్నంతకాలం, వచ్చిన బండ్లవాళ్ళు తలెత్తి బోర్డు వంక చూసి, "మేస్త్రీ ఇంకా ఒప్పుకున్నట్టు లేదే" అనుకుంటూ పక్క షెడ్డుకి పోతారు.

ఏడుకొండలు గురువు కాలేషా మేస్త్రీ. ప్రారంభోత్సవానికి ఆయన రాలేదని ఎవరూ అనలేరు. ఉతికిన లుంగీ కట్టుకుని, అత్తరు పూసుకుని, జేబులో పానా పెట్టుకుని అందరికంటే ముందే వచ్చాడు. షెడ్డంతా కలయతిరిగాడు.

"గుంట తవ్వించలేదా?" అని అడిగాడు.

కాలేషా షెడ్డులో నేలలో తవ్విన గుంట ఒకటుంది. బండిని దాని మీద నిలబెట్టి కిందికి దిగి పని చేస్తారు. గ్రీజు, బురద, వానాకాలంలో కప్పలు. ఏడుకొండలు వయసంతా ఆ గుంటలోనే నల్లబడింది.

"ఈ రోజుల్లో గుంటేంది మేస్త్రీ!" అని నవ్వి ఏడుకొండలు బటన్ నొక్కాడు. కొత్త హైడ్రాలిక్ లిఫ్టు ఒక కారుని నడుం దగ్గర పట్టుకుని పైకి లేపింది. నాలుగు చక్రాలూ గాల్లో వేలాడాయి. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

కాలేషా తలెత్తి ఆ వేలాడే చక్రాల వంక చూశాడు. తరవాత బోర్డు వంక చూశాడు. 'ఏడుకొండలు కార్ వర్క్స్. శబ్దాల స్పెషలిస్ట్' అని రాసి, పక్కన ఇంత పెద్ద చెవి బొమ్మ వేయించి ఉంది. ఆయన ఒక లడ్డు తిని, ఇంకో లడ్డు భార్య మాలన్‌బీ కోసం కాగితంలో చుట్టించుకుని, "చూద్దాంలే" అని వెళ్ళిపోయాడు. పానా జేబులోంచి బయటికి రానేలేదు.

ఏడుకొండలుకి తలకొట్టేసినట్టయింది.

చెవి బొమ్మ ఊరికే వేయించలేదు. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అతని చెవి చెవే. బండి వీధి మలుపు తిరుగుతుండగానే కళ్ళు మూసుకుని, ఎడమ చక్రం బేరింగు అనో, కుడి షాకబ్జార్బరు అనో చెప్పేసేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది. ఆ కళ్ళు మూయడం కూడా ఏదో జపం చేస్తున్నట్టు ఉండేది. చూడ్డానికని పని లేనివాళ్ళు కూడా వచ్చి నిలబడేవాళ్ళు. కాకపోతే ఆ బొమ్మ వల్ల షెడ్డు తెరిచిన మర్నాడే ఒక ముసలమ్మ వచ్చి, "చెవిలో హోరుగా ఉంది డాక్టరుగారూ" అని స్టూలు మీద కూర్చుంది. ఇది కార్ల షెడ్డని నచ్చజెప్పి పంపేసరికి మధ్యాహ్నమయింది.

ఆ ముసలమ్మ తరవాత వచ్చింది రోశమ్మగారు.

రోశమ్మగారు వంటల కాంట్రాక్టరు. ఒంగోల్లో పెళ్లి ఎక్కడ జరిగినా పప్పు ఆవిడదే, కబురూ ఆవిడదే. ఒక పందిట్లో ఆవిడ అన్న మాట వడ్డన పూర్తయ్యేలోపు ఊరు చుట్టివస్తుంది. అలాంటావిడ కారు కటక్‌మనుకుంటూ షెడ్డు ముందు ఆగింది.

"గిన్నెల మోత అని మాత్రం చెప్పమాక నాయనా. అంతా దించి వచ్చా. కార్లో గరిటె కూడా లేదు" అందావిడ దిగుతూనే.

ఏడుకొండలు అప్పటికే కళ్ళు మూసేశాడు. "ఎడమ చక్రం. లోయర్ ఆర్మ్ బుష్."

"అబ్బో!" అంది రోశమ్మగారు.

లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి. అది పైకీ కిందికీ ఆడేచోట వేసే రబ్బరు ముక్క బుష్. లిఫ్టు ఎక్కించి విప్పితే నిజంగానే బుష్ చిరిగి ఉంది. కొత్తది వేసి, లిఫ్టు మీదే ఒంట్లో బలమంతా పెట్టి బోల్టు బిగించి, కారు కిందికి దించి ఇచ్చాడు. రోశమ్మగారు ఆశీర్వదించి వెళ్ళింది.

మర్నాడు వచ్చింది. "కటక్ పోలేదయ్యా."

ఏడుకొండలు ఈసారి కళ్ళు ఇంకాస్త ఎక్కువసేపు మూశాడు. లింక్ రాడ్ అన్నాడు. మార్చాడు. అది పోలేదు. బాల్ జాయింట్ అన్నాడు. మార్చాడు. అదీ కాదు. షాకబ్జార్బరు మౌంటింగు అన్నాడు. మార్చే కొద్దీ శబ్దం తగ్గకపోగా, కొత్త సామాను చూసుకుని మురిసిపోతున్నట్టు ఇంకా గట్టిగా మోగింది. చిత్రమేమిటంటే లిఫ్టు మీదకి లేపి చక్రం పట్టుకుని ఎంత ఊపినా కిక్కురుమనేది కాదు. కిందికి దించి స్పీడు బ్రేకరు దాటిస్తే చాలు, కటక్.

చివరిసారి అతను కళ్ళు మూసి ఎంతకీ తెరవకపోయేసరికి రోశమ్మగారు ముందుకు వంగి చూసింది.

"వింటున్నావా, నిద్రపోయావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. పైన బోర్డు కూడా టంగుమంది.

"ఆదివారం పెద్ద పెళ్లి ఉందయ్యా నాకు. ఆ జనంలోకి ఇట్టా మోగించుకుంటా పోతే, ఏంది రోశమ్మా ఈ శబ్దం, ఎవరు చేశారు అని అడగరా? అడిగినోళ్ళకి నేను అబద్ధం చెప్పలేను గదా?" అని తాళాలు అతని చేతిలో పెట్టి ఆటో ఎక్కింది.

ఆదివారం పందిట్లో ఆవిడ నోరు తెరిచిందంటే సోమవారం నుంచి ఈ షెడ్డుకి చెవినొప్పి ముసలమ్మలు తప్ప ఎవరూ రారు. మళ్ళీ పోయి గురువు దగ్గర గుంటలో దిగాల్సిందే. ఆ మాట తలుచుకుంటే ఏడుకొండలుకి ఏడుపొచ్చింది.

గురువు దగ్గరికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. అయినా శుక్రవారం మధ్యాహ్నం, వీధిలో అందరూ భోజనాలకి పోయే వేళ చూసి, రోశమ్మగారి కారు వేసుకుని బయల్దేరాడు. ఎవరూ చూడకూడదని సందుల్లోంచి తిప్పాడు. సందుల్లో గతుకులెక్కువ. కారు ప్రతి గడపనీ పేరుపేరునా పలకరించుకుంటూ పోయింది.

కాలేషా తన షెడ్డు ముందు పాత కారు సీటు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"మేస్త్రీ..." అని మొదలుపెట్టి ఏడుకొండలు అంతా చెప్పాడు. బుష్ సంగతి, రాడ్ సంగతి, పెళ్లి సంగతి. ముసలమ్మ సంగతి ఒక్కటే దాచుకున్నాడు.

కాలేషా కారు వంక చూడను కూడా చూడలేదు. "అన్నం తిన్నావా?"

"అన్నం తినేట్టుందా మేస్త్రీ నా బతుకు! ముందు ఈ శబ్దం..."

"ఇయ్యాల శుక్రవారం. బిర్యానీ చేసింది మీ అమ్మ. పద." కాలేషా లేచి నిలబడి శిష్యుణ్ణి ఎగాదిగా చూశాడు. దిగులుతో తిండి మానేసి వారంలోనే చిక్కిపోయాడేమో, ప్యాంటు నడుం మీంచి జారుతోంది. "ఏంది ఈ అవతారం? మెకానిక్ అన్నోడు ఇట్టా వదులు వదులుగా ఉంటాడంట్రా? ఇటు రా. ఊపిరి లోపలికి పీల్చు."

ఏడుకొండలు పీల్చాడు. కాలేషా అతని బెల్టు పట్టుకుని, బిగుసుకుపోయిన టైరు ఊడదీసేవాడిలా కాలు తన్నిపట్టి లాగి, చివరి చిల్లులో పెట్టాడు.

"నేను చెప్పిందాకా దీని మీద చెయ్యి వెయ్యమాక."

"సరే మేస్త్రీ" అన్నాడు ఏడుకొండలు. ఖాళీ కడుపు మీద ఆ బెల్టు బాగానే ఉంది. మనిషికి కాస్త బిర్రుగా, ధైర్యంగా కూడా అనిపించింది.

షెడ్డు వెనకే ఇల్లు. మాలన్‌బీ చాప వేసి వడ్డించింది. ఆవిడ వడ్డన సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తుంది.

"ఎట్టా అయిపోయాడో చూడండి బిడ్డ" అంటూ మొదటి విడత పెట్టింది. ఏడుకొండలు ఆవురావురుమని తిన్నాడు. వారం రోజుల ఆకలి ఒక్కసారి లేచింది. రెండో విడత పెట్టింది. తిన్నాడు. అప్పటికి బెల్టు తన ఉనికి తెలియజేయడం మొదలుపెట్టింది.

"ఇంక చాలమ్మా."

"ఇంకొంచెం పెట్టు వాడికి" అన్నాడు కాలేషా తలెత్తకుండా.

మూడో విడతలో ముక్కలెక్కువ. వదిలెయ్యబుద్ధి కాలేదు. తిన్నాడు. ఆ పైన పెరుగు చట్నీ, ఆ పైన గిన్నె నిండా సేమ్యా. చివరి చెంచా దిగేసరికి ఏడుకొండలు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నిటారుగా బిగుసుకుపోయాడు. వంగితే తెగిపోతాననిపించింది. తెగేది బెల్టో తనో తెలియదు.

కాలేషా చెయ్యి కడుక్కుని, షెడ్డులోకొచ్చి తన సీటులో కూర్చుని పళ్ళు కుట్టుకుంటూ, "పోయి ఆ గుంటలో ఉన్న పానా పట్రా" అన్నాడు.

"మేస్త్రీ, బెల్టు..."

"చెప్పానా నేను?"

ఏడుకొండలు లేచాడు. లేచేటప్పుడు బెల్టు కిర్రుమంది. రెండు చేతులూ నేలకి ఆనించి గుంటలోకి దిగాడు. దిగేటప్పుడు నోట్లోంచి 'హుప్' అని ఒక కేక వచ్చింది. పానా కోసం వంగితే ఎక్కడో లోపల్నించి 'గుర్ర్' అని మొదలై గొంతు దగ్గర టక్కున ఆగింది. పైకి ఎక్కుతుంటే అవన్నీ కలిసి వచ్చాయి. వచ్చి గురువు ముందు పానా పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

కాలేషా చెవి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తరవాత కళ్ళు మూసుకున్నాడు.

"ఏదో శబ్దం వస్తుందిరా ఏడుకొండలూ."

టక్. ఎక్కిలి.

"ముందు వైపు నించే" అన్నాడు కాలేషా, కళ్ళు తెరవకుండా.

లోపల మాలన్‌బీ గిన్నెలు సర్దడం ఆపింది.

"నువ్వు శబ్దాల స్పెషలిస్టువి గదా. ఏం మార్చమంటావు? పొట్ట మార్చేదా? వెన్నుపూస మార్చేదా?"

"ఏమీ మార్చక్కర్లేదు మేస్త్రీ!" ఏడుకొండలు గొంతు కీచుమంది. "అన్నీ బానే ఉన్నాయి. బెల్టు... బెల్టు వదులు చెయ్యాలి."

"చేసి?"

"మళ్ళీ బిగించుకోవాలి."

"ఎప్పుడు?"

"తిన్నాక" అన్నాడు ఏడుకొండలు. అని, బెల్టు మీద చెయ్యి పెట్టినవాడు అలాగే ఆగిపోయాడు.

ఎక్కిళ్ళు కూడా ఆగిపోయాయి.

అతను గుంట వంక చూశాడు. తన లిఫ్టు మీద కారు పైకి లేచినప్పుడు చక్రాలు వేలాడతాయి. చక్రాలతో పాటు ఆ ఇనప చేతులూ కిందికి వాలిపోతాయి. అవి అలా వాలి ఉండగానే తను బోల్టు బిగించేశాడు. రబ్బరు ఆ వాలులోనే పట్టుబడిపోయింది. కారు కిందికి దించాక మొత్తం బరువు మీద పడి చెయ్యి పైకి లేస్తే, రబ్బరు మెలి తిరిగి గింజుకోక ఏం చేస్తుంది?

ఇదే షెడ్డులో ఎన్నేళ్ళు పని చేశాడు. బుష్ వేసేది తనే, బోల్టు దూర్చేది తనే. అంతా అయ్యాక కాలేషా "జాకీ దించు" అనేవాడు. బండి నాలుగు కాళ్ళ మీద కుదురుగా నిలబడ్డాక పానా తీసుకుని గుంటలోకి దిగేవాడు. ముసలాయనకి నా బిగింపు మీద నమ్మకం లేదు, చాదస్తం అనుకునేవాడు ఏడుకొండలు. గురువు గుంటలోకి దిగగానే తను చేతులు కడుక్కుని వీధి చివరికి పోయేవాడు. ఆ పాఠం జరిగిన ప్రతిసారీ ఏడుకొండలు టీ కొట్టు దగ్గర ఉన్నాడు.

సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులే.

ఏడుకొండలు బెల్టు లాగి పడేసి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రోశమ్మగారి కారు తెచ్చి గుంట మీద నిలబెట్టాడు. పానా తీసుకుని దిగబోతుంటే కాలేషా సీటులోంచి లేచాడు.

"యాడికి మేస్త్రీ?"

"టీ తాగొస్తా" అన్నాడు కాలేషా.

గుంటలో ఏడుకొండలు ఆ బోల్టు వదులు చేశాడు. అంతసేపూ మెలిపడి ఉన్న రబ్బరు 'టప్' మని తన చోటుకి తిరిగొచ్చింది. అది ఎంత హాయో అప్పుడే బెల్టు విప్పిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బండి బరువంతా చక్రాల మీద ఉండగా, మెల్లగా బిగించాడు. ఆ పైన రైలు గేటు దగ్గర గతుకుల మీదికి తీసుకుపోయి, ఎక్కించి దించి, మళ్ళీ ఎక్కించి దించాడు. కారు నోరెత్తలేదు.

సాయంత్రం రోశమ్మగారు వచ్చి నడిపి చూసుకుంది. "బంగారం! ఇంతకీ ఏంది జబ్బు?"

ఏడుకొండలు నాలుక చివర ఒక అబద్ధం తయారుగా ఉంది. స్టీరింగు ర్యాకు లోపల ఒక చిన్న సమస్య అంటే సరిపోతుంది. ఆవిడకి తెలియదు. ఊరికీ తెలియదు. పరువు నిలబడుతుంది. అతని చెయ్యి దానంతటదే బెల్టు మీదికి పోయింది.

"జబ్బు మొదటి రోజు చెప్పిందేనమ్మా. అది ఆరోజే పోయింది. తరవాత మోగిందంతా నా బిగింపు. గాల్లో ఉన్నప్పుడు బిగించా. దించాక బిగించాల. ఆ తరవాత మార్చిన సామానంతా దండగ. అది నా నెత్తినే వేసుకుంటా."

రోశమ్మగారు మాట్లాడకుండా ఉండటం ఒంగోలు అంతకుముందు చూసి ఉండదు. కాసేపటికి తేరుకుని, "ఇది పెళ్లిలో చెప్పొచ్చా?" అని అడిగింది.

"ఉన్నదున్నట్టు చెప్పండి."

చెప్పింది. ఆదివారం పప్పు వడ్డిస్తూ చెప్పింది, సాంబారు వడ్డిస్తూ చెప్పింది, పెరుగు దగ్గరికొచ్చేసరికి కొంచెం కలిపి కూడా చెప్పింది. బిర్యానీ సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో గానీ, అదీ చెప్పింది.

సోమవారం పొద్దున షెడ్డుకి ఒక్క బండీ రాలేదు. దారిన పోయేవాళ్ళు మాత్రం, "ఏం ఏడుకొండలూ, బెల్టు ఎట్టా ఉంది?" అని అడిగి మరీ పోతున్నారు. అతను స్టూలు మీద కూర్చుని తలొంచుకుని చేతులు చూసుకుంటున్నాడు. అబద్ధం చెప్పి ఉండాల్సింది అని ఒకసారి, చెప్పకపోవడమే నయం అని ఒకసారి అనిపించింది. పైన బోర్డు టంగు, టంగు.

మధ్యాహ్నం కాలేషా వచ్చాడు. ఉతికిన లుంగీ. అత్తరు వాసన.

"నిచ్చెన ఉందా?"

ఏడుకొండలు నిచ్చెన తెచ్చి వేశాడు. కాలేషా ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. జేబులోంచి పానా తీశాడు. వెంటనే బిగించలేదు.

"బోర్డు కింది అంచు పట్టుకో. గట్టిగా లాగు. ఇంకా... నీ బరువంతా వెయ్యరా."

ఏడుకొండలు రెండు చేతులతో పట్టుకుని వేలాడినంత పని చేశాడు. కాలేషా అప్పుడు బిగించాడు. నిదానంగా దిగి, పానా తుడిచి జేబులో పెట్టుకున్నాడు. లారీ స్టాండు వైపు నుంచి దుమ్ముతో గాలి కొట్టింది. బోర్డు కదల్లేదు.

ఎదురు షెడ్డువాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఏదో ఒకటి మాట్లాడాలి గనక ఏడుకొండలు, "ఆ చెవి బొమ్మ చెరిపిద్దామనుకుంటున్నా మేస్త్రీ" అన్నాడు.

"ఉండనీలే. ముసలమ్మలు వస్తారు."

అయితే ఆ సంగతీ ఆయనకి తెలుసన్నమాట. ఏడుకొండలు నవ్వాడు. నవ్వుతూనే, వారం నుంచీ గొంతులో ఉన్న మాట అడిగేశాడు.

"ఈ బోల్టు ఆరోజే బిగించి పోవచ్చు గదా మేస్త్రీ? నా ప్రాణం తీశారు."

కాలేషా తలెత్తి బోర్డు వంక చూశాడు.

"ఆరోజు దీని మీద ఏం బరువుందిరా?" అన్నాడు.